జామపండు ఎవరి పళ్లెంలో ఉంది?

జూన్ నెలలో రెండు మంచి వానలు పడితే సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మండలంలో అల్లనేరేడు రాలడం మొదలవుతుంది. చెట్టున్న చోటల్లా రోడ్డు మీద ఊదారంగు మరకలు పడతాయి. వాటి మీదుగా లారీలు పోతుంటాయి. గంటన్నర ప్రయాణంలో, హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఇదే పేరున్న మరో కొండాపూర్ ఉంది. అక్కడి సూపర్‌మార్కెట్ చల్లటి అరలో 125 గ్రాముల బ్లూబెర్రీ డబ్బాను వందల రూపాయలు పెట్టి కొంటున్నారు. ఎక్కడో సముద్రాల అవతల కోసి, విమానంలో తెచ్చిన పండు అది. ఆ రెంటికీ రంగునిచ్చే పదార్థాలది ఒకే కుటుంబం. ఒకటి ఆరోగ్యం పేరుతో అమ్ముడుపోతోంది, రెండోది టైర్ల కింద నలుగుతోంది.

దీన్ని రుచుల తేడా అని కొట్టిపారేయడానికి నేను ఒప్పుకోను. పండ్ల గురించి శాస్త్రం చెప్పిన కాసిన్ని మంచి మాటల్ని వ్యాపారం ఎత్తుకుపోయింది. వాటిని డబ్బాల్లో, సీసాల్లో, మాత్రల్లో నింపి డబ్బున్నవాడికి అమ్ముతోంది. ఆ మంచి ఎవరి ఒంటికి అత్యవసరంగా కావాలో, ఆ తండా పిల్లకు, ఆ బాలింతకు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చే కూలికి పండు అందడం లేదు. ప్రభుత్వం చూస్తూ కూర్చుంది. చదువుకున్న మనమూ చూస్తూ కూర్చున్నాం.

ముందు శాస్త్రం సంగతి చూద్దాం. అబద్ధాన్ని తిట్టేవాడు నిజాన్ని సరిగ్గా చెప్పాలి కదా.

నేరేడు తొక్కలోని నల్లటి ఊదారంగు ఆంథోసయనిన్లది. డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్ అని వాటిలో రకాలు. బ్లూబెర్రీలోనూ ఇవే ఉంటాయి. చెట్టు వీటిని మన కోసం తయారుచేసుకోలేదు. ఎండ నుంచి కాపాడుకోవడానికి, పిట్టను పిలిచి గింజను దూరం పంపించడానికి చేసుకుంది. మనం తిన్నప్పుడు వీటిలో చాలా కొద్ది భాగమే నేరుగా రక్తంలోకి చేరుతుంది. మిగతాదాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు విరగ్గొట్టి, చిన్న చిన్న పదార్థాలుగా మారుస్తాయి. ఒంటికి జరిగే మేలులో పెద్ద వాటా ఆ మారిన పదార్థాలదేనని పరిశోధకుల అంచనా. అంటే పండు ఒక్కటే పనిచేయదు. దాన్ని తిన్న మనిషి పేగులు, పేగుల్లోని జీవజాలం, ఆ మనిషి తాగే నీళ్లు అన్నీ కలిసి పనిచేస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి, పటాన్‌చెరు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

2019లో బ్రిటన్‌లో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట, బీపీ, చక్కెర వంటివి కలిసి పెరిగే స్థితి) ఉన్న 115 మందిని తీసుకొని, కొందరికి రోజూ 150 గ్రాముల బ్లూబెర్రీకి సరిపడే ఎండు పొడి, కొందరికి అందులో సగం, మిగతావారికి ఉత్త రంగు పొడి 6 నెలలపాటు ఇచ్చారు. పూర్తి మోతాదు తిన్నవారిలో రక్తనాళాల పనితీరు కొంత మెరుగుపడింది. సగం మోతాదుకు ఆ ఫలితం రాలేదు. ఇన్సులిన్ నిరోధకత మాత్రం ఏ గుంపులోనూ తగ్గలేదు. ఈ ప్రయోగానికి డబ్బు పెట్టినవారిలో అమెరికా బ్లూబెర్రీ పెంపకందార్ల మండలి ఉంది. క్రాన్‌బెర్రీ విషయంలో ఆధారం ఇంకొంచెం గట్టిది. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చే ఆడవాళ్లలో ఆ ముప్పును అది తగ్గిస్తుందని 2023లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. మంచిదే, నేను కాదనను. ఇంతవరకు నిజం.

ఈ పిడికెడు నిజం చుట్టూ కట్టిన కోట అంతా అబద్ధం. యాంటీఆక్సిడెంట్ల బలాన్ని ఓరాక్ అనే అంకెతో కొలిచి, ఫలానా బెర్రీకి ఇన్ని వేల మార్కులు అని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. పరీక్షనాళికలో వచ్చే ఆ అంకెకు మనిషి ఒంట్లో జరిగేదానికి పొంతన లేదనీ, కంపెనీలు దాన్ని దుర్వినియోగం చేస్తున్నాయనీ చెప్పి అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన పట్టికనే తొలగించింది. అమ్మేవాళ్లు మాత్రం ఆ మాటను వదల్లేదు. ఇవాళ అమీన్‌పూర్, బీరంగూడ అపార్ట్‌మెంట్లలో, పటాన్‌చెరు కార్మికుల గదుల్లో గొలుసుకట్టు అమ్మకాలవాళ్లు నోని అనీ, అసాయీ అనీ, సీబక్‌థార్న్ అనీ సీసాలు పట్టుకొని తిరుగుతున్నారు. ఒక్కో సీసా ధర చూస్తే కూలివాడి నాలుగైదు రోజుల సంపాదన. మోకాళ్ల నొప్పికి, షుగరుకు, సంతానానికి, క్యాన్సరుకు అన్నింటికీ అదే సీసా. కొన్నవాడే మరో నలుగురికి అమ్మాలి, లేకపోతే పెట్టిన డబ్బు రాదు. రోగాన్ని, అప్పును ఒకే సంచిలో ఇంటికి పంపించే వ్యాపారం ఇది.

మన నేరేడునూ వీళ్లు వదల్లేదు. గింజల పొడి తాగితే షుగరు పోతుందని వాట్సాప్‌లో వచ్చిన మాటను నమ్మి మందులు మానేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నేరేడు గింజను మధుమేహానికి వాడటం మన వైద్యంలో పాతదే. ఎలుకల మీద చేసిన కొన్ని ప్రయోగాల్లో చక్కెర తగ్గిన మాటా నిజమే. మరి మనుషుల సంగతి? బ్రెజిల్‌లోనూ నేరేడును షుగరుకు వాడే అలవాటు ఉంది. అక్కడి పరిశోధకులు నేరేడాకు కషాయాన్ని మధుమేహ రోగుల మీద పద్ధతిగా పరీక్షించి చూశారు. చక్కెర తగ్గలేదని రాసి ప్రచురించారు. తమ దేశపు నమ్మకాన్ని తామే పరీక్షకు పెట్టి, ఫలితాన్ని దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీ మనవాళ్లకు ఎందుకు లేదు? 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని చెప్పింది. అంతమంది భయం మీద బతికే మార్కెట్ ఇది. మధుమేహాన్ని నయం చేస్తానని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆ చట్టం జాబితాలో మధుమేహం పేరు స్పష్టంగా ఉంది. అయినా సంగారెడ్డి బస్టాండు గోడలు, ఫోన్లలో నడిచే వీడియోలు ఆ ప్రకటనలతోనే నిండి ఉన్నాయి. డెబ్బై ఏళ్లు దాటిన చట్టాన్ని అమలుచేయడానికి ఇంకెవరి అనుమతి కావాలి?

నేరేడు పండు తినండి, కడుపునిండా తినండి. షుగరు ఉన్నవాళ్లు కూడా కొలతగా తినవచ్చు. మందు మానేసి మాత్రం తినకండి. ఈ మూడు వాక్యాలు చెప్పడానికి ఎవరికీ కమీషన్ రాదు, అందుకే ఎవరూ చెప్పరు.

పండులో ఉన్న మంచిని పిండి మాత్రలో పెడితే ఇంకా మంచిదన్న ఆలోచన ఎంత ప్రమాదకరమో ఫిన్లాండ్ చూపించింది. క్యారెట్, బొప్పాయిలకు రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడి, పొగతాగే 29 వేల మందికి పైగా మగవాళ్ల మీద అక్కడ పరీక్షించారు. 1994లో ఫలితాలొచ్చాయి. మాత్రలు మింగినవారిలో క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అమెరికాలో అలాంటి మరో ప్రయోగాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు. పండ్లు, కూరగాయలు ఎక్కువ తినేవాళ్లకు క్యాన్సర్ తక్కువన్న పరిశీలన నుంచే ఈ ఆశంతా పుట్టింది. పండులోంచి ఒక్క పదార్థాన్ని విడదీసి మోతాదు పెంచితే అది మరోలా ప్రవర్తించింది.

మాత్ర అనగానే నాకు పాశమైలారం గుర్తుకొస్తుంది. 2025 జూన్ 30న అక్కడి సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. పొట్ట చేతపట్టుకొని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు వాళ్లలో ఎందరో. గుర్తుపట్టలేని దేహాల కోసం డీఎన్ఏ పరీక్షల దాకా పోయి, కుటుంబాలు రోజుల తరబడి ఆసుపత్రుల దగ్గర ఎదురుచూశాయి. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కలప గుజ్జు నుంచి తీసే తెల్లటి పొడి అది. బీపీ మాత్ర కానీ, విటమిన్ మాత్ర కానీ, బెర్రీల సారం బిళ్ల కానీ, బిళ్లగా గట్టిపడి నిలబడడానికి ప్రపంచమంతా వాడే పూరకాల్లో అది ఒకటి. ప్రాణాన్ని నిలబెట్టే మందుకు ఆ పొడి కావాలి, నేను ఒప్పుకుంటాను. ఎవరికీ అక్కరలేని ఆరోగ్య బిళ్లల కోసం కూడా ఇలాంటి పొడి యంత్రాల ముందు మనుషుల్ని నిలబెడుతున్నామన్నది నా కోపం. ఆ మనుషుల్లో ఎందరికి రోజుకో పండు దొరికింది? కార్మికుల గదుల్లో పొద్దున అన్నం, పచ్చడి, రాత్రి అన్నం, ఆలుగడ్డ. ఆరోగ్యం తయారయ్యే చోట పనిచేసేవాడికి ఆరోగ్యం దక్కదు.

ఇప్పుడు ఈ వ్యాసంలో నాకు అన్నింటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. దీనికి బ్రిటన్ పోనక్కర్లేదు, ఫిన్లాండ్ పోనక్కర్లేదు, హైదరాబాద్‌లోని తార్నాక చాలు. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు యుక్తవయసు పిల్లల మీద చేసిన ఒక ప్రయోగాన్ని 2013లో ప్రచురించారు. మనం రోజూ తినే అన్నం భోజనంతో పాటు జామపండు పెట్టి, ఆ భోజనంలోని ఇనుము ఒంటికి ఎంత పడుతోందో ఐసోటోపుల సాయంతో కొలిచారు. జామపండు తోడైతే ఇనుము పట్టడం సుమారు రెట్టింపయింది. జింకు విషయంలో మార్పు రాలేదు, ఆ సంగతీ వాళ్లే రాశారు. కారణం పెద్ద మర్మమేమీ కాదు. ఆకుకూరల్లో, పప్పుల్లో, తిండిగింజల్లో ఉండే ఇనుము మొండి రకం, పేగు గోడను సులువుగా దాటదు. విటమిన్ సి దాన్ని కరిగే రూపంలోకి మార్చి దాటిస్తుంది. 100 గ్రాముల జామలో విటమిన్ సి 200 మిల్లీగ్రాములు దాటుతుంది. బత్తాయి, కమలాలు దాని దరిదాపుల్లోకి రావు. ఉసిరి జామకు ఏమాత్రం తీసిపోదు.

ఇక్కడ ఇంకో చిన్న ముడి ఉంది, అది తెలియకపోతే మేలు చేయబోయి కీడు చేస్తాం. మొక్కల్లోని పదార్థాలన్నీ ఇనుముకు స్నేహితులు కావు. నేరేడులో, పచ్చి రేగులో, టీలో వగరుగా తగిలే టానిన్లు ఇనుమును పట్టి ఉంచుతాయి. అందుకే భోజనంతో జామ, ఉసిరి తినాలి. నేరేడును సాయంత్రం విడిగా తినాలి. భోజనం మీద వెంటనే టీ తాగకూడదు. ఈ మాటలు ప్రతి అంగన్‌వాడీ గోడ మీద ఉండాలి. పొడి అమ్మేవాడు చెప్పడు, ఎందుకంటే పొడిలో అన్నీ కలిపి పోస్తాడు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం. పదిమంది పిల్లలు ఆడుకుంటుంటే అందులో ఏడుగురి రక్తం పలచన! ఇంతకంటే పెద్ద అత్యవసర పరిస్థితి ఏముంటుంది? 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం పెడుతోంది. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మంచి పథకం, దాన్ని నడిపే ఆయాలకు, టీచర్లకు దండం పెట్టాలి. కానీ ఆ జాబితాలో పండుకు చోటు దక్కలేదు. ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టించే తాళంచెవి ఏదో మన హైదరాబాద్ శాస్త్రవేత్తలు కొలిచి చెప్పి పదేళ్లు దాటింది. అదే సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 100 గ్రాముల పండ్లు కావాలని రాసింది. ఆ కాగితం తార్నాకలోనే ఉంది. జామకాయ ముంబయి హైవే పక్కన ఎండలో కూర్చున్న ఆడవాళ్ల గంపల్లో ఉంది. ఈ రెంటినీ అంగన్‌వాడీ పళ్లెంలో కలపడానికి ఒక జీవో చాలు. ఆ జీవో ఇవ్వని ప్రతి సంవత్సరం ఒక తరం పిల్లల రక్తానికి బాకీ పడుతోంది.

కొనలేని ఇంటికి పూర్వం చెట్టు పెట్టేది. ఇప్పుడు ఆ చెట్టూ లేదు. దక్కన్‌లో నవీన శిలాయుగపు మనుషులు నివసించిన చోట్ల తవ్వకాల్లో రేగు గింజలు బయటపడ్డాయి. కొండాపూర్ మండలం కోటగడ్డ మీద శాతవాహనులు నాణేలు అచ్చువేసే నాటికే ఈ నేల మీద రేగు పాతకాపు. చెలకల గట్ల మీద రేగు, పరికి, గుట్టల మీద కలివి, తునికి, వాగు ఒడ్డున ఈత, నేరేడు. పశువుల కాపరి పిల్లలు జేబులు నింపుకొని తినేవాళ్లు, ఎవరినీ అడగనక్కర్లేదు. రీజినల్ రింగ్ రోడ్డు మాట వినపడగానే జేసీబీలు గట్లను చదును చేశాయి. వెంచర్ల హద్దురాళ్లు లేచాయి. పశువులు మేసే గైరాన్ భూములు కరిగిపోయాయి. మొక్కలు నాటామని కోట్ల లెక్కలు చెప్పిన ప్రభుత్వం రోడ్ల మధ్యలో నాటింది ఏమిటి? కోనోకార్పస్! పిట్టకు గింజనివ్వదు, పిల్లకు పండునివ్వదు. దాని పుప్పొడి మీద ఫిర్యాదులొచ్చాక ఇక నాటవద్దన్నారు. అదే గుంతలో నేరేడు మొక్క పెడితే ఏం పోయేది?

జ్ఞానం లేక కాదు. ఇదే జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు విత్తకుండా మొలిచే ఆకుకూరల పేర్లు, గుణాలు పదుల సంఖ్యలో నమోదు చేయించారు. ఏటా ఎడ్లబండ్ల మీద పాతపంటల జాతర నడిపించారు. సంగారెడ్డి పట్టణంలోనే పండ్ల పరిశోధన కేంద్రం ఉంది, వందల రకాల మామిడిని కాపాడుతోంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. ఇంత మంది పండితులు, ఇంత మంది రైతక్కలు చుట్టూ ఉండగా కొండాపూర్ పిల్లకు పండు లేదంటే అది మన పాలన తెచ్చిన కరువు.

పటాన్‌చెరు దగ్గరికి వస్తానన్నాను. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. శుద్ధిచేశామన్న నీళ్లు అవి! కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్ల పైమాట. నక్కవాగు ఈ విషాన్ని మోసిన వాగు, అది పోయి కలిసేది మంజీరలో. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు, ఊళ్ల రైతులు దశాబ్దాలు గొంతు చించుకున్నారు. వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. పండులోని మంచిని ఒంటికి అందించేవి సూక్ష్మజీవులని పైన చెప్పాను. వాటిని చంపే మందును మనం వాగులో పారించాం. ఆ వాగు తడిలో పెరిగిన చెట్టు పండులో, తోటకూరలో ఇప్పుడేముందో ఊరూరా పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించాల్సిన బాధ్యత కాలుష్య నియంత్రణ మండలిది. పండు తినమని ప్రజలకు చెప్పే ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న అడిగే బాధ్యత ఉంది, నాతో సహా.

ఫ్యాక్టరీలు మూసేయమంటావా, ఉద్యోగాలు పోగొడతావా అని నన్ను నిలదీసేవాళ్లుంటారు. మందుల ఫ్యాక్టరీ ఉండాలి. దాని మురికినీరు ఫ్యాక్టరీ గేటు లోపలే శుభ్రమవ్వాలి, దాని యంత్రం ముందు నిలబడ్డ మనిషి సాయంత్రం ఇంటికి చేరాలి. ఇది అడగడం ఉద్యోగాలకు వ్యతిరేకమైతే, ఆ ఉద్యోగం ఎవరి బతుకు కోసమో చెప్పమనండి. డబ్బున్నవాళ్లు బ్లూబెర్రీ కొనుక్కుంటే నీకెందుకు అనేవాళ్లూ ఉంటారు. కొనుక్కోనివ్వండి. ఆ డబ్బా మీది బొమ్మను చూసి, తన గట్టు మీది పండు పనికిరానిదని నమ్మిన రైతు ఆ చెట్టును నరికేస్తున్నాడు. ఆ నమ్మకాన్ని అమ్మినవాళ్లతోనే నా పేచీ.

కొండాపూర్ మండలంలోని సర్పంచులకు, అంగన్‌వాడీ టీచర్లకు, మహిళా సంఘాల అక్కలకు నా విన్నపం ఇది. వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టండి. ఆరోగ్యలక్ష్మి భోజనంలో, బడి మధ్యాహ్న భోజనంలో కాలాన్ని బట్టి జామ కానీ ఉసిరి కానీ ఇవ్వాలని, దాన్ని మన మండలం రైతుల దగ్గరే కొనాలని కలెక్టరుకు రాయండి. పంచాయతీ నర్సరీలో అలంకారపు మొక్కలు తగ్గించి జామ, ఉసిరి, నేరేడు, రేగు పెంచమని అడగండి. అంటు మొక్కలు సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం నుంచి ఇప్పించమనండి. షుగరు పోగొడతామని ఊళ్లోకొచ్చి పొడులు అమ్మేవాళ్ల ప్రకటనలు ఫోటో తీసి, 1954 చట్టం పేరు రాసి, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు ఇవ్వండి. జామ అంటు నాటిన రెండు మూడేళ్లకు కాపుకొస్తుంది. ఈ వానాకాలంలో నాటితే ఇప్పుడు అంగన్‌వాడీలో చేరిన పిల్ల ఒకటో తరగతికి వెళ్లే నాటికి పండు చేతికందుతుంది. సంతకాలు మొదలుపెట్టండి.